వెన్నక్క ఎడమ చెయ్యి

దుకాణం తలుపులు తెరవకముందే, స్టాఫు వాష్‌రూమ్ అద్దం ముందు నిలబడి వెన్నక్క తన ఎడమ చేతికి రంగు పులుముతోంది. ముఖానికి వేసుకునే ఫౌండేషన్ అది. మణికట్టు నుంచి వేళ్ల కణుపుల దాకా వేలికొసతో అద్ది, ఎర్రగా పొక్కిన చోట మరోసారి అద్ది, ఆరేదాకా చెయ్యి గాల్లో పట్టుకుంది. దురద ప్రాణం తోడేస్తోంది. గోకితే రంగు పోతుంది, గోకకపోతే మనిషే పోయేలా ఉంది.

వెన్నక్క అన్నది తోటి అమ్మాయిలు పెట్టిన పేరు. క్రీములమ్మే ఆ గాజు బల్ల వెనక ఆమె ఇరవై ఏళ్లుగా నిలబడుతోంది. అక్కడి పద్ధతి ఒకటే. ఏ క్రీమైనా ముందు అమ్మే మనిషి తన ఎడమ చేతి మీద రాసుకోవాలి, టిష్యూతో తుడిచి "చూడండి, జిడ్డు లేదు" అనాలి, ఆ తర్వాతే కొనేవాళ్ల చెయ్యి పట్టుకోవాలి. అలా ఖరీదైన క్రీములు తాగి తాగి ఆ చెయ్యి వెన్నలా ఉండేది. ఇంట్లో అంట్లు తోమే కుడి చెయ్యి మాత్రం ఇంకెవరిదో అన్నట్టుండేది. ఈ ఎడమ చేత్తోనే ఇద్దరు పిల్లల్ని గట్టెక్కించానని నవ్వుతూ చెప్పుకునేది.

రెండేళ్ల కిందట నెలసరి ఆగిపోయింది. పీడ వదిలిందనుకుంది. ముందు వేడి ఆవిర్లు మొదలయ్యాయి. ఆమె ఫ్యాను పెంచితే భర్త దుప్పటి ముసుగేసుకుని, "నువ్వు పక్కనుంటే ఇంట్లో స్టవ్వు దండగ" అనేవాడు. జోకు బాగానే ఉంది, ఉడికిపోతున్నది ఆయన కాదు కనక. తర్వాత చర్మం పలచబడి ఎండిపోయింది. మోచేతులు పొట్టు రాలాయి. చివరికి ఎడమ చెయ్యి కూడా ఎదురు తిరిగింది. వాసన క్రీము తగిలితే చాలు, పొక్కిపోయేది.

చర్మం డాక్టరమ్మ ఓపిగ్గానే చెప్పింది. ఈ వయసులో హార్మోన్లు తగ్గి చర్మంలో తడి నిలవదట. వేడినీళ్లు మాని గోరువెచ్చటి నీళ్లతో త్వరగా స్నానం ముగించమంది. ఘాటు సబ్బులు వద్దంది. ఒళ్లు తడిగా ఉండగానే వాసన లేని మామూలు క్రీము రాసుకోమంది, ఎండలోకి వెళ్తే సన్‌స్క్రీన్ మరవద్దంది. వాసన క్రీములు ఆ చేతికి తగలనివ్వకూడదంది. అన్నీ పాటించింది వెన్నక్క, చివరిది తప్ప. చివరిది ఆమె ఉద్యోగం. అందుకే ఈమధ్య మణికట్టు వదిలి, మోచేతి కింద బాగున్న చోట రాసి చూపిస్తూ ఎలాగో నెట్టుకొస్తోంది.

మధ్యాహ్నం ఒక పెద్దావిడ వచ్చింది. పెద్దావిడంటే వెన్నక్క వయసే. ఒళ్లంతా బిగుసుకుపోతోందనీ, దురదతో నిద్ర ఉండటం లేదనీ, ఇంట్లో చెబితే అన్నీ నీ ఊహలేనంటున్నారనీ గొంతు తగ్గించి చెప్పింది. వెన్నక్క అమ్మకం సంగతే మరిచిపోయింది.

"నాకూ అంతేనండీ. రాత్రుళ్లు లేచి కూర్చుంటాను," అంది. "ఎవరికి చెప్పినా అర్థం కాదు. మన ఒళ్లే మనకి పరాయిదైపోతుంది."

ఆవిడ కళ్లు చెమర్చాయి. ఎన్నాళ్లకో ఒక మనిషి దొరికినట్టయింది. ఆ మాటల్లో పడి వెన్నక్క చెయ్యి తన పాత దారిన తాను పోయింది. క్రీము తీసింది, మణికట్టు మీద రాసింది, టిష్యూ అందుకుని గట్టిగా తుడిచింది.

"చూడండి, జిడ్డు..."

రంగంతా టిష్యూకి అంటుకొచ్చింది. కింద ఎర్రటి పొక్కులు బయటపడ్డాయి.

ఆవిడ బల్ల మీదున్న తన చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఇది రాసుకునేనా ఇలా అయింది?"

వెన్నక్క తన చేతిని దుకాణం కోటు జేబులో దాచుకుంది. ఒక్క నిమిషం కిందట తోబుట్టువులా మాట్లాడిన ఆవిడ, తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్లింది.

మేనేజరు మర్యాదస్తుడు. కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ చెప్పాడు. రేపట్నుంచి పై అంతస్తులో అట్టపెట్టెలు సర్దే పనట, అక్కడ కొనేవాళ్ల కంట పడక్కర్లేదట. "మీ వయసుకి అదే సుఖమమ్మా," అన్నాడు. ఆ చెయ్యి అలా అయింది ఎవరి క్రీముల వల్లో ఆయనకీ తెలుసు. దాని ఊసెత్తలేదు.

"సుఖమే కావాలంటే ఇంట్లో ఉంటాను సార్," అంది వెన్నక్క.

కోటు విప్పి మడత పెట్టి ఆయన బల్ల మీద ఉంచింది. తోటి అమ్మాయిలు సీసాలు సర్దుతున్నట్టు తలలు వంచుకున్నారు. మెట్లు దిగుతూ, పొద్దుట్నుంచి ఆపుకున్న దురదని ఆమె కసితీరా గోక్కుంది. నెత్తురు చిమ్మినా ఆపలేదు.

లోపల, ఆమె చోట కొత్తమ్మాయి వచ్చి నిలబడి, ఎవరికో నునుపైన ఎడమ చెయ్యి చాపింది. గాజు బల్ల మీది టిష్యూని పక్కకి జరిపింది. దాని నిండా వెన్నక్క ఒంటి రంగు.