గోడ మీది చెయ్యి

విల్మీనా హాలెండు దేశపు మనిషి. తండ్రి పాలవ్యాపారం చేస్తే ఈమె కుంచె పట్టింది. దేశాలు తిరిగి తిరిగి మా టేకులపల్లిలో కిరాయికి దిగింది. సంతను గీసింది, ఇప్పపూలు ఏరేటోళ్లను గీసింది. ఎవడూ కొనలే. మా ఇంటామె షాకేరాను గీసినంకనే పేరొచ్చింది.

షాకేరా పరాయి మొగోళ్ల ముందు మొహం తియ్యదు. ఆడమనిషే గదా అని కూసుంది. బొమ్మ తన దేశం పోతది, ఇక్కడెవ్వరూ చూడరని విల్మీనా మాటిచ్చింది. బొమ్మ పోయింది గానీ దాని ఫోటో ఫోన్లల్ల తిరిగి ఖమ్మంల ఒక బ్యూటీపార్లర్ ఫ్లెక్సీ మీదికొచ్చింది. నేను బోర్డులు రాసేటోణ్ణి. నా పని తిన్న ఫ్లెక్సీ మీదనే నా పెండ్లాం మొహం. బావమరిది ఫజల్ తన బిడ్డ నికాకు మమ్మల్ని పిలవలే. తీయించమని బతిమాలితే, నా చేతుల్ల ఏం లేదన్నది విల్మీనా.

ఊరు విడిచి ఏండ్లయినంక, పోయిన నెల మళ్లొచ్చింది. డెబ్బై దాటింది. జన్మంతా వేసిన బొమ్మలు హైదరాబాదుల పెడుతున్నరంట, ఆమె బతికిన ఊరును వీడియో తియ్యనీకి టీవీవాళ్లు వస్తరంట. కుడిచెయ్యి శాలువలనే దాచుకొని, చాయ్ ఎడమచేత్తో తాగింది. వంటింట్ల షాకేరాకు చెప్పుకొని ఏడ్చిందంట. పక్షవాతమొచ్చి ఆ చెయ్యి పడిపోయింది, నాలుగేండ్ల సంది ఆమె పేరు మీద అమ్మే బొమ్మలు ఇంకో పిల్ల వేస్తున్నది. తెలిస్తే పరువంతా పోతది, ఎవ్వరికీ చెప్పొద్దన్నది. షాకేరా నాకు చెప్పింది. మొగనికి చెప్తే బయట చెప్పినట్టు కాదనుకుంది.

బస్టాండుకు ఎదురుంగ నా దుకాణం గోడకు తెల్లరంగు కొట్టి, సుద్దదారంతో గళ్లు గీసిన. అంత పెద్ద బొమ్మ వేసి ఎన్నేండ్లయిందో. విల్మీనా మొహానికి అన్యాయం చెయ్యలే. శాలువ ఒక్కటి తీసేసిన. కోడికాళ్ల లెక్క ముడుసుకపోయిన వేళ్లు. కింద ఆమె పేరు, 'నాలుగేండ్ల సంది గిట్లనే' అన్న ముక్క.

టీవీవాళ్లు వచ్చే పొద్దున ఆమె చూసింది.

"ఉబేద్, మొహం ఉండనీ. చెయ్యి ఒక్కటి కప్పు."

"మంచిగ రాలేదా మేడం?"

"మంచిగ వచ్చింది. అందుకే అడుగుతున్న."

షాకేరా బుర్ఖాల ఉరికొచ్చింది.

"అజీ, నన్ను నమ్మి చెప్పుకుంది. నన్ను గూడ ఆమె లెక్క మాట తప్పినదాన్ని చెయ్యకుండ్రి."

కొత్తగూడెం దిక్కు నుంచి టీవీవాళ్ల కారొచ్చి ఆగింది. షాకేరా ఆ ముసలామెను పట్టుకొని లోపలికి తీసుకపోయింది, నా దిక్కు చూడలే. నేను వార్నిష్ డబ్బా మూత తీసి, ఆ చెయ్యి రంగు పోకుండ దాని మీద ఇంకో పూత పూసిన. వానలొస్తున్నయ్.