ముల్లు చూపిన ఉత్తరం

ధాత్రి "సర్వేయర్" అంది. రత్నకుమారి గారికి "సర్వర్" అని వినిపించింది.

తప్పు ఆవిడది కాదు. హాలిఫాక్స్‌లో ఒక చర్చి కింది హాలు అద్దెకు తీసుకుని, పట్టనంతమంది తెలుగువాళ్ళు ఉగాది పేరుతో ఒక్కసారిగా మాట్లాడుతుంటే, ఆ తొక్కిసలాటలో ఒక అక్షరం కింద పడిపోవడం వింతేమీ కాదు.

"సర్వర్‌వా తల్లీ! దేవుడు పంపినట్టే వచ్చావు. ఆ సాంబారు దగ్గర నిలబడు" అని ఆవిడ గరిటె చేతిలో పెట్టేశారు.

పక్కనే ఉన్న జయదేవ్ గారికీ సర్వర్ అనే వినిపించింది. కాకపోతే ఆయన ఐటీ మనిషి, అమెరికా మీదుగా కెనడా వచ్చిన మనిషి, తెలుగు మిత్ర మండలి అధ్యక్షుడు. ఆయన చెవిలో సర్వర్‌కి అర్థం వేరు.

"సర్వర్స్ మీద పని చేస్తావామ్మా? మన మండలి వెబ్‌సైట్ నిన్నటి నుంచీ డౌన్. కాస్త చూడు" అని రెండో చేతిలో లాప్‌టాప్ పెట్టేశారు.

ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో లాప్‌టాప్. "సర్వర్ కాదు అంకుల్, సర్వేయర్! భూమి కొలిచే ఆయన. పోయి నూరేళ్లు దాటింది. ఆయన మీద నా ప్రాజెక్టు" అని ధాత్రి అరిచింది. వడ్డన కోసం లైన్లో ఉన్నవాళ్లంతా పోయినాయన ఎవరో తెలియకుండానే "అయ్యో పాపం" అన్నారు. రత్నకుమారి గారు నవ్వారు గానీ గరిటె మాత్రం వెనక్కి తీసుకోలేదు. జయదేవ్ గారు లాప్‌టాప్ తీసుకుని, "చచ్చినాయన మీద ప్రాజెక్టా! ఇంటరెస్టింగ్. చెప్పు చెప్పు" అన్నారు. కథ అంతా ఆ "చెప్పు చెప్పు" దగ్గరే మొదలైంది. రెండు చెప్పుల్లో ఏదీ ఆయన వినలేదు, అది వేరే సంగతి.

ఆ రోజుల్లో హాలిఫాక్స్‌లో బస్సెక్కితే డ్రైవరు తప్ప మిగతా బస్సంతా తెలుగే. కాఫీ షాపులో కాఫీ కోసం నిలబడే లైను కన్నా, ఆ షాపులో ఉద్యోగం కోసం నిలబడే లైను పొడుగు. బేస్‌మెంట్లలో మంచాలు తక్కువ, మడత పరుపులు ఎక్కువ. అలాంటి ఒక బేస్‌మెంట్లో, రత్నకుమారి గారి ఇంటి కిందే, ఖమ్మం నుంచి వచ్చిన ధాత్రి ఉండేది. సర్వేయింగ్ చదువు, వారాంతాల్లో కాఫీ షాపు. ధాత్రి అంటే భూమి, భూమికి ఓర్పెక్కువ అంటారు. ఈ ధాత్రికి ఉన్నది ఓర్పు కాదు, ఓరిమి ముసుగేసుకున్న పగ. చిన్నప్పుడు తన రబ్బరు ఎత్తుకుపోయిన పిల్ల పేరు ఇప్పటికీ ఇంటిపేరుతో సహా చెప్పగలదు.

ఆమెకు దొరికిన మనిషీ అలాంటివాడే. పేరు ఎల్కనా థోర్న్. థోర్న్ అంటే ముల్లు. అమెరికాలోని వెర్మాంట్‌లో రాళ్లు తప్ప ఏమీ పండని పొలంలో పుట్టి, రైలుమార్గం వేసేవాళ్ల వెంట తిరిగి కొలతలు నేర్చుకున్నాడు. ఒంటిచక్రపు బండి తోసుకుంటూ ఊరూరూ నడిచేవాడు. చక్రం తిరిగిన లెక్కే దూరం, దిక్సూచి ముల్లు చూపినదే దిక్కు. దారి వంపు తిరిగిన ప్రతిచోటా డిగ్రీలు రాసుకునేవాడు. ప్రతి ఇంటి దగ్గరా ఆగి, యజమాని పేరడిగి పటంలో ఎక్కించేవాడు. గోడకు వేలాడదీసుకునే ఆ జిల్లా పటాల్లో తమ పేరు చూసుకోవడం జనాలకు అప్పట్లో పెద్ద మోజు. ఊరందరి పేర్లూ ఎక్కించిన మనిషి పేరు మాత్రం ఎగిరిపోయింది. బోస్టన్‌లో అచ్చువేసే భాగస్థుడు సైలస్ క్రూ, థోర్న్ పేరు గీకేసి తన పేరు పెట్టుకున్నాడు. పటం గీసినవాణ్ణి బతికుండగానే పటం కట్టేశాడన్నమాట.

థోర్న్ కోర్టుకెక్కలేదు. సరిహద్దు దాటి కెనడాలోకి, హాలిఫాక్స్ ఉన్న ఈ నోవా స్కోషియాకి వచ్చాడు. మళ్లీ చక్రం పట్టాడు.

పటం మూలన రెండు బాణాలు గీయడం ఆ వృత్తిలో ఆచారం. ఒకటి భూమి ధ్రువం వైపు, ఇంకొకటి దిక్సూచి ముల్లు వైపు. ఎందుకంటే ఆ రెండూ ఒకటి కావు. నోవా స్కోషియాలో ముల్లు ధ్రువానికి బాగా పడమరగా ఒరిగి ఉంటుంది. ఆ తేడా ఎంతో తెలిస్తేనే పటంలో రాసిన డిగ్రీలు దారి చూపిస్తాయి. లేకపోతే దారి తప్పిస్తాయి. అక్కడికొచ్చాక థోర్న్ ఒక్క బాణమే గీయడం మొదలుపెట్టాడు. అది ముల్లుదని ఎక్కడా రాయలేదు. అడిగి కొన్నవాళ్లకు నోటితో చెప్పేవాడు. దొంగిలించినవాళ్లు అడగరు కదా! క్రూ ఆ పటాన్నీ దొంగిలించి తన పేరుతో అమ్మాడు. దాన్ని నమ్మి రోడ్డు వేయబోయిన గుత్తేదారు ఎద్దులూ బళ్లూ తిన్నగా ఊబిలోకి దిగాయి. ఆ దెబ్బతో క్రూ అంగడి మూతపడింది. ముల్లును ముల్లుతోనే తీయాలంటారు. ఈ ముల్లు ఊబిలో దింపి మరీ తీసింది.

ధాత్రికి ఈ సంగతి తెలిసింది పుస్తకాల్లో కాదు, బురదలో. హాలిఫాక్స్‌కు తూర్పున, తీరం వెంట, లాంటర్న్ కోవ్ అనే పల్లె దగ్గర థోర్న్ నడిచిన పాత దారి ఉంది. ఎప్పుడో స్ప్రూస్ చెట్లు దాన్ని మింగేశాయి. వేసవంతా సెలవు దొరికినప్పుడల్లా కాలేజీ కొలత చక్రం అడిగి తెచ్చుకుని, ఆ ఒక్క బాణం ధ్రువానిదే అనుకుని, థోర్న్ డిగ్రీలు పట్టుకుని నడిచింది. నడిచిన ప్రతిసారీ చిత్తడిలోనే తేలింది. చివరికి విషయం వెలిగి, ముల్లు తేడా తీసేసి నడిస్తే, దారి సముద్రం మీది కొండకొమ్ముకు తిన్నగా తీసుకెళ్లింది. అక్కడ థోర్న్ సమాధి రాయి ఉంది. ఆ రాయి మీద చెయ్యి వేసి ఏడ్చింది. తరువాత దారి పొడుగునా చెట్లకు నారింజ రంగు రిబ్బన్లు కట్టి, కొత్త పటం గీసింది.

జయదేవ్ గారికి ఆ పటం తెగ నచ్చింది. "మన మండలి తరఫున అక్కడ బోర్డు పెట్టిద్దాం. హెరిటేజ్ వాక్ చేద్దాం, థోర్న్ నడిచినట్టే నడుద్దాం. ఊరి హెరిటేజ్ సంఘంతో నేను మాట్లాడతా" అన్నారు. ధాత్రి పొంగిపోయి పటం ఫైలు పంపింది. ముల్లు సంగతి చెప్పబోయింది కూడా.

"అంకుల్, నార్త్ గురించి ఒక్క విషయం. ఇందులో డిగ్రీలన్నీ థోర్న్ రాసినట్టే ఉంచాను. వాటిని అలాగే పట్టుకుని నడిస్తే..."

"నార్త్ గొడవ తర్వాత చూద్దాంలేమ్మా, కాల్ వస్తోంది" అని ఆయన వెళ్లిపోయారు.

అడవిలో చక్రం తిప్పింది ధాత్రి. మండలిలో చక్రం తిప్పింది జయదేవ్ గారు.

వాక్‌కు వారం ముందు కరపత్రం పట్టుకుని నర్సింహ బేస్‌మెంట్ మెట్లు దిగొచ్చాడు. ధాత్రి క్లాస్‌మేట్, సిద్దిపేట కుర్రాడు.

"గిదేంది ధాత్రీ? పరిశోధన, పటం జయదేవ్ అని ఉంది. నీ పేరేది?"

ఉంది. కింద, పులిహోర స్పాన్సర్ పేరు తర్వాత, "మరియు విద్యార్థి వాలంటీర్లు" అని ఉంది. బహువచనంలో.

ఆమె ఫోన్ చేసింది.

"టీమ్ వర్క్ కదమ్మా ధాత్రీ" అన్నారు జయదేవ్ గారు తేనె పూసిన గొంతుతో. "బోర్డు ఆల్రెడీ ప్రింట్ అయిపోయింది. నీకు సర్టిఫికెట్ ఇస్తాంలే, రెజ్యూమేలో పెట్టుకో. నీకింకా చాలా లైఫ్ ఉంది."

"ఆ బోర్డు మీద నా పేరుండాలి అంకుల్."

"అన్నీ పేరు కోసమే చేస్తామా?" అన్నారు, పేరు కోసమే చేసిన ఆయన.

ధాత్రి ఫోన్ పెట్టేసింది. నర్సింహ భయపడ్డాడు, ఎందుకంటే ఆమె అరవలేదు. "చాలా లైఫ్ ఉందట" అని మెల్లగా, ముద్దుగా నవ్వింది. మర్నాడు అతని కారులో లాంటర్న్ కోవ్ వెళ్లింది. తను కట్టిన రిబ్బన్లన్నీ ఒక్కొక్కటే విప్పి జేబులో వేసుకుంది.

"పాపం కాదా?" అన్నాడు నర్సింహ.

"నా రిబ్బన్లు నేను తీసుకుంటున్నా. డిగ్రీలు ఆయనవి కదా, ఆయన పరిశోధనే కదా. నడవనీ."

శనివారం ఎండ కాసింది. జయదేవ్ గారు పట్టు కుర్తా వేసుకొచ్చారు. హెరిటేజ్ సంఘం పెద్దామె మార్గరెట్ ఎర్ర రెయిన్‌కోటులో, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లతో వచ్చింది. ఊరి మనిషి కదా, బూట్లలోనే బుద్ధి ఉంది. మండలి వాళ్లంతా పెళ్లివారిలా తయారై వచ్చారు. రత్నకుమారి గారు చీర మీద కోటు తొడుక్కుని, పులిహోర డబ్బా చంకనెట్టుకుని వచ్చారు. ధాత్రి అందరికన్నా వెనక నిలబడింది.

"రిబ్బన్లు ఉన్నాయన్నావు కదమ్మా?" జయదేవ్ గారు చెట్లకేసి చూశారు.

"మీరే కదా అంకుల్, థోర్న్ నడిచినట్టే నడుద్దాం అన్నారు. థోర్న్‌కి రిబ్బన్లెక్కడివి?"

అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన ఫోన్ తీశారు. అందులోని దిక్సూచి ధ్రువం ఉత్తరం మీద పెట్టి ఉంది. కరపత్రంలో డిగ్రీలు చదివి, "ఫాలో మీ!" అన్నారు. ఫాలో అయ్యారు.

మొదట నాచు మెత్తగా ఉంది. "కార్పెట్‌లా ఉందే" అన్నారొకరు. తరువాత కార్పెట్ కింద నీళ్లు చప్పుడు చేశాయి. "ముందుకే! థోర్న్ కష్టపడ్డాడు, మనమూ పడదాం" అన్నారు జయదేవ్ గారు. పడ్డారు. మోకాలి దాకా. పట్టు కుర్తా గొడుగులా విచ్చుకుని నల్లనీళ్ల మీద తేలింది. పడుతూ ఆయన ఎవరినో పట్టుకున్నారు, వాళ్లు ఇంకొకరిని. మండలిలో ఇంత ఐకమత్యం ఎన్నడూ చూడలేదు. ఎన్నికలప్పుడు ఒకరి మీద ఒకరు చల్లుకున్న బురద ఇప్పుడు సామూహికంగా పూసుకున్నారు.

ధాత్రి గట్టున నిలబడి చూసింది. కడుపులో చల్లగా, కమ్మగా ఉంది. థోర్న్ ఎక్కడున్నా ఇది చూడాలని కోరుకుంది.

అప్పుడు "అమ్మా ధాత్రీ, నా కాలు!" అని వినిపించింది. రత్నకుమారి గారు. పులిహోర డబ్బా నెత్తిన ఎత్తిపట్టుకుని, ఒక కాలు లోతుకు పోయి ఒరిగిపోతున్నారు. ఆ కాలి చెప్పును ఊబి నమిలి మింగేసింది. ఆవిడ ముఖం పాలిపోయింది.

ధాత్రి పరుగున వెళ్లి, గడ్డి దుబ్బుల మీద కాలు వేస్తూ ఆవిడ చెయ్యి పట్టి లాగింది. నర్సింహ డబ్బా అందుకున్నాడు. ఆవిణ్ణి గట్టున కూర్చోబెట్టి, తన బూట్లు విప్పి తొడిగింది. తరువాత ఒట్టి మేజోళ్లతోనే వెనక్కి తిరిగి నిలబడింది.

"ధాత్రీ! నార్త్ ఎటమ్మా?" జయదేవ్ గారి గొంతులో తేనె లేదు, ఒట్టి తేమే ఉంది.

"ముందు పటం ఎవరిదో చెప్పండి అంకుల్. ఉత్తరం ఎటో తర్వాత చెప్తా."

"ఇప్పుడా! ఇక్కడా!"

"బోర్డు దగ్గరైతే మీరు చెప్పరు. ఇక్కడైతే చెప్తారు."

ఆయన చుట్టూ చూశారు. బురదలో ఉన్న సభ్యులంతా ఆయన్నే చూస్తున్నారు. ఆయన కదిలితే ఊబి ఇంకాస్త ముద్దు చేస్తోంది.

"నీదే" అన్నారు.

"మార్గరెట్ గారికి తెలుగు రాదు."

"హర్ మ్యాప్!" అని ఆయన పల్లె అంతా వినిపించేలా అరిచారు. "హర్ రీసెర్చ్! ఆల్ హర్స్! నాట్ మైన్!"

మార్గరెట్ తలాడించింది. బోర్డు ఇవాళ ఆవిష్కరించడం లేదని, పేరు మార్చి మళ్లీ చేయిస్తామని, ఈ అమ్మాయి పేరు స్పెల్లింగు తానే స్వయంగా అడిగి రాసుకుంటానని చెప్పింది.

ధాత్రి దుబ్బు నుంచి దుబ్బుకు దారి చూపిస్తూ అందరినీ ఒక్కొక్కరినే బయటికి తీసుకొచ్చింది. జయదేవ్ గారిని ఆఖర్న తీసింది. ఒక పెద్దాయన వణుకుతూ, "అసలేమైందమ్మా? ఫోన్ పాడైందా?" అని అడిగారు.

"ఫోన్ బాగానే ఉంది అంకుల్." నర్సింహను పక్కన నిలబెట్టి, అతని చెయ్యి తిన్నగా ముందుకు చాపించింది. తన చెయ్యి దానికి ఎడంపక్కగా చాపింది. "ఇది ధ్రువం. ఇది దిక్సూచి ముల్లు. ఇక్కడ ముల్లు ఎప్పుడూ పడమరకే ఒరుగుతుంది. థోర్న్ లెక్కంతా ముల్లు మీద. జయదేవ్ అంకుల్ ఫోన్ ధ్రువం మీద. రెండింటికీ మధ్య ఉన్న ఈ ఖాళీ చూశారూ, మీరంతా ఇప్పటిదాకా ఉన్నది అందులోనే. థోర్న్ ఈ తేడా కావాలనే రాయలేదు. ఎవరైనా దొంగిలిస్తే తిన్నగా ఇక్కడికే రావాలని."

"అంటే ఆయన ఊబి తవ్వింది మాకోసమా!"

"దొంగకోసం. మీరు దొంగ వెనక నడిచారు." రత్నకుమారి గారి వైపు తిరిగింది. "దారి చూపే రిబ్బన్లు నేనే విప్పాను ఆంటీ. మీ చెప్పుకి సారీ. ఆయన కుర్తాకి మాత్రం చెప్పను."

"పగ పెట్టుకుంటే పెట్టుకున్నావు గానీ, ముందే నా చెవిలో వేస్తే ఇంట్లోనే ఉండేదాన్ని కదే!" అని రత్నకుమారి గారు ఆమె వీపు మీద ఒక్కటిచ్చి, డబ్బా మూత తీశారు. అందరికీ అంతా అర్థమైంది. వెనకాల తడి ముద్దలా నిలబడ్డ జయదేవ్ గారికి ఒక్కటి మిగిలింది.

"ఆ సెట్టింగ్ ఎక్కడ మార్చాలమ్మా?" అని ఫోన్ చాపారు.

అది మాత్రం ధాత్రి చెప్పలేదు.