మేత దించే వేళ

కోడిపిల్లల్ని తూకం వెయ్యాలంటే తెల్లవారగానే, కొత్తమేత పొయ్యకముందే వెయ్యాలి. షెడ్డు నాలుగు మూలల నుంచీ, నడిమధ్య నుంచీ, చోటుకి పదేసి చొప్పున, అట్ట అడ్డం పెట్టి చేతికి చిక్కినదాన్ని చిక్కినట్టే బకెట్లో వేసుకోవాలి. బలిసినదీ బక్కదీ అని ఏరకూడదు. పిల్లలు వచ్చిన పద్నాలుగో రోజు పొద్దున్నే ఆమె ఆ పనిలో ఉంటే, భర్త గుమ్మంలో నిలబడి పళ్లు తోముకుంటూ, "వాటితోపాటు నువ్వూ ఓసారి తూగరాదూ? కంపెనీవాళ్లు నీకూ బహుమతి ఇస్తారేమో," అన్నాడు.

ఆమె చివరి బకెట్టు తూచింది. సగటున నాలుగు వందల డెబ్బై గ్రాములు. పుస్తకంలో రాసుకుంది. అతను తూచే రోజుల్లో ఈ అంకె ఎప్పుడూ ఐదొందలు దాటేది. లోపలికి నడవడానికి బద్ధకించి గుమ్మం దగ్గర దొరికినవాటినే పట్టేవాడు. పరుగెత్తలేక దొరికేవి బలిసినవే కదా. మా పిల్లలు ఐదొందలు దాటాయని ఊరంతా చెప్పుకుని తిరిగేవాడు. ఐదో వారంలో లారీ ఎక్కించేటప్పుడు నిజం బయటపడితే తప్పు ఆమె మీదికి వచ్చేది.

అదే గుమ్మానికి, పిల్లల్నీ దాణానీ ఇచ్చే కంపెనీ కార్డు ఒకటి వేలాడుతూ ఉంటుంది. అందులో 'రైతు' అన్న చోట అతని పేరు. నాలుగింటికి లేచి తాళం తీసేది ఆమె, నేల మీది ఊక తిరగేసేది ఆమె, నీటి గిన్నెలు కడిగేది ఆమె. కిందటేడు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆ కార్డు మీద తన పేరు కూడా రాయించమని అడిగింది. అతను పడీ పడీ నవ్వి తల్లిని కూడా పిలిచి చెప్పాడు. అత్తగారు పొట్ట పట్టుకుని, "పెంట ఎత్తేదానికి కార్డు మీద పేరొకటా తల్లీ?" అంది. ఆ నవ్వు ఆమెకి ఇప్పటికీ చెవిలోంచి పోలేదు. పోనివ్వలేదు కూడా. కొన్నిటిని మరిచిపోతే మనిషికి మిగిలేదేమీ ఉండదు.

నిజానికి ఆ షెడ్డును నిలబెట్టింది ఒక తాడు. మొదట్లో పిల్లలు రెండో వారం దాటగానే, అన్నిట్లోకీ పెద్దవే, కాళ్లు పైకి పెట్టి వెల్లకిలా పడి చచ్చేవి. రోగమూ కాదు, రొష్టూ కాదు. తిని తిని ఒళ్లు పెరిగిపోతే గుండె మొయ్యలేక ఆగిపోయేది. ఒక వారం ఉత్తరం వైపు మేత గిన్నెల వరసను పైకెత్తి దించే తాడు కప్పీలో ఇరుక్కుంది. రోజూ ఆ వరస దించడం ఆలస్యమయ్యేది. ఆ వైపు పిల్లలు ఒక్కటీ చావలేదు. కాళ్లు గట్టిపడ్డాయి, తర్వాత తిన్న తిండి ఒంటికి పట్టింది, ఐదో వారానికి మిగతావాటి బరువు అందుకున్నాయి. అది చూసింది ఆమె. అప్పటినుంచీ ఎనిమిదో రోజు మొదలు ఇరవై ఒకటో రోజు దాకా, పొద్దున నాలుగు గంటల పాటు రెండు వరసలూ పైకి ఎత్తేసేది.

మొదటిరోజు అతను ఆమె చేతిలోని తాడు లాక్కుని, "నోరులేని జీవాల కడుపు మాడుస్తావా రాక్షసీ!" అన్నాడు. అత్తగారు, "ఇద్దర్ని కన్నదానివి, నీకు మనసెలా ఒప్పిందే?" అని కళ్లొత్తుకుంది. ఆ అత్తగారే మధ్యాహ్నం భోజనాల దగ్గర, అందరూ తిని లేచాక కోడలు రెండోసారి గరిటె పట్టుకోగానే గిన్నె తన వైపు లాక్కుంటుంది. "ఆ ఒళ్లు చూసుకున్నావా? రాత్రికి ఉండనీ." పొద్దున నాలుగు నుంచి నిలువుకాళ్ల మీద ఉన్న మనిషి కడుపు ఆ ఇంట్లో ఎవరి లెక్కలోకీ రాదు. కోళ్ల ఆకలికి కన్నీళ్లు పెట్టే ఇల్లు అది. ఆమెకి ఆ ఇంటిమీద అసహ్యం వేసేది. అక్కడ తను ఉండడాన్ని సర్దుకుపోవడం అని ఎవరైనా అంటే చెంప పగలగొట్టాలనిపించేది.

కిందటి బ్యాచ్ లారీ ఎక్కించే రోజు, కోళ్లు పట్టేవాళ్లు పదిమంది ఉండగా, దాణా బస్తాలు తూచే కాటా మీదికి ఆమెను భుజం పట్టి తోశాడు అతను. "ఎక్కవే, చూద్దాం!" ముల్లు ఆగిన చోటు గొంతెత్తి చదివాడు. "ఎనభై ఒకటి! ఇంత బరువు మన కోళ్లకొస్తేనా!" పదిమందీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అదీ ఆమె తనను తాను క్షమించుకోలేని సంగతి.

ఆ బ్యాచ్‌లో చావులు బాగా తగ్గాయని కంపెనీ డాక్టరు అతని వీపు తట్టాడు. ఇవాళ పదకొండింటికి ఎనిమిదిమంది రైతుల్ని వెంటబెట్టుకుని వస్తున్నాడు, ఈ రైతు పద్ధతి చూపించడానికి.

"ఎన్నో రోజు నుంచి ఎత్తాలి?" గడ్డం గీసుకుంటూ అడిగాడు భర్త.

"ఎనిమిది. ఎందుకంటే అప్పటికి..."

"ఎందుకో నాకొద్దు. ఎన్ని గంటలు?"

"నాలుగు. దించేటప్పుడు మాత్రం రెండు వరసలూ..."

"చాల్లే, నీ ఉపన్యాసం. ఇంతకాలం చూడలేదా నేను? నువ్వు ఇంట్లోనే ఉండు. ఆ అవతారంతో నలుగురిలోకి రాకు. టీ పెట్టి గుమ్మం దగ్గర ఉంచు."

 ఆమె టీ నీళ్లు పెట్టడానికి లోపలికి వెళ్లింది.

పదకొండింటికి టీ పళ్లెం పట్టుకుని షెడ్డు దగ్గరికి వచ్చేసరికి అతను గుమ్మం వైపు వరస ఒక్కటే దించుతున్నాడు. అతిథులకి బాగా కనపడాలని కాబోలు. నాలుగు గంటలు ఆగిన రెండువేల పిల్లలు ఒక్కసారిగా ఆ ఒక్క వరస మీదికి విరుచుకుపడ్డాయి. ఒకదాని మీద ఒకటి, దాని మీద ఇంకొకటి, గోడవార గుట్ట పడిపోయాయి. అడుగున ఉన్నవాటి కూత సన్నబడుతోంది. అతను తాడు పట్టుకుని నోరెళ్లబెట్టి చూస్తున్నాడు.

పళ్లెం కింద పడేసి ఆమె పరుగెత్తింది. ఉత్తరం వైపు తాడు విప్పి రెండో వరస దించింది. గిన్నెలు తట్టి చప్పుడు చేసింది. సగం మంద అటు తిరిగింది. వెనక్కొచ్చి ఊకలో మోకాళ్ల మీద పడి గుట్టను రెండు చేతులా విడదీసింది. అడుగున మూడు చచ్చి ఉన్నాయి. వెచ్చగానే ఉన్నాయి ఇంకా.

"ఏనుగులా పరుగెత్తుకొస్తే బెదరవా అవి?" అన్నాడు అతను, అందరూ వినేలా. "దీని ఒళ్లు చూసే హడలి చచ్చుంటాయి డాక్టరుగారూ."

రైతుల్లో ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. డాక్టరు నవ్వలేదు. "రెండో వరస ఎందుకు దించావమ్మా?" అని ఆమెనే అడిగాడు.

"దానికేం తెలుసండీ. లోపలికి పోవే, వంట చూసుకో."

ఆమె చచ్చిన మూడింటినీ గుమ్మం పక్కన పెట్టి చేతులు దులుపుకుంది. లోపలికి పోలేదు. మూలనున్న దాణా కాటా దగ్గరికి నడిచి, ఎవరూ తొయ్యకుండానే దాని మీదికి ఎక్కి నిలబడింది. ముల్లు ఊగి ఊగి ఆగింది.

"ఎనభై మూడు," అని గట్టిగా చదివింది. "అందరికీ వినపడిందా? ఇక నా ఒంటి సంగతి అయిపోయింది. పిల్లల సంగతి మాట్లాడుకుందాం."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె కాటా మీద నిలబడే చెప్పింది. ఆకలిమీదున్న మందకి ఒక వైపే తిండి చూపిస్తే తొక్కుకుని చస్తాయనీ, రెండు వరసల్లోనూ ముందే మేత నింపి ఉంచి ఇద్దరు మనుషులు ఒకేసారి దించాలనీ, ఒక్కరే ఉంటే జానెడు ఇటు, జానెడు అటు మార్చి మార్చి దించాలనీ చెప్పింది. "నేను రోజూ ఒక్కదాన్నే దించుతాను," అంది. అందరికంటే పెద్దాయన జేబులోంచి కాగితం తీసి, "నెమ్మదిగా చెప్పమ్మా," అన్నాడు. ఆమె ఇరుక్కున్న తాడు దగ్గర మొదలుపెట్టి మళ్లీ నెమ్మదిగా చెప్పింది. భర్త రెండుసార్లు దగ్గాడు. ఎవరూ అతని వైపు చూడలేదు.

చివర్లో ఆమె డాక్టరు వైపు తిరిగింది. "ఈ బ్యాచ్ లారీ ఎక్కేదాకా చూసుకుంటాను. వీటి మీద నాకు కోపం లేదు. వచ్చే బ్యాచ్‌కి ఆ కార్డు మీద రైతు అన్న చోట నా పేరు రాయండి. లేకపోతే ఈ షెడ్డు తాళం నేను తియ్యను."

అతని మొహం కందగడ్డ అయింది. "తాళంచెవి ఇలా ఇవ్వు," అన్నాడు పళ్లు కొరుకుతూ.

నడుము దగ్గర దోపుకున్న తాళంచెవి తీసి, అతనికి కనపడేలా పైకెత్తి పట్టుకుంది ఆమె.

"మేత ఎందుకు ఎత్తాలో చెప్పండి. చెబితే ఇస్తాను."