మూడో కిటికీ – చాలా సంతోషం

అద్దం తుడిచిన గుడ్డను నాలుగు మడతలు పెట్టి పక్కన పడేసి, మూడో కిటికీ అక్కయ్య కుర్చీని ముందుకు లాక్కుంది. అలవాటు కొద్దీ ఎడమచెయ్యి బల్ల కింది సొరుగు మీదికి పోయింది. సొరుగులో కీబోర్డు ఉంది. చేతిని వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. ఈ ఒక్క రోజూ సొరుగు తెరవకూడదు. నిన్న సాయంత్రం తనే అందరి చేతా ఒట్టు వేయించింది.

ఆ పార్సిలు ఆఫీసు హాలులో మూడు కిటికీలు. మొదటిదాని వెనక మీసాలాయన. మీసం తీసేసి పదేళ్లయినా ఆ పేరును మాత్రం ఎవరూ తియ్యలేదు. రెండోదాని వెనక కొత్తకోడలు. పెళ్లయిన వారానికే ఉద్యోగంలో చేరడంతో ఆ పేరు పడింది. ఇప్పుడామెకు ఇద్దరు పిల్లలు. మూడోదాని వెనక ఇరవై ఆరేళ్లుగా అక్కయ్య. వచ్చినవాళ్ల పెట్టెను తూకం మీద పెట్టించి, పంపేవారెవరో పుచ్చుకునేవారెవరో కొట్టి, చివరి మీట నొక్కితే యంత్రం నాలుక చాపినట్టు చీటీని బయటికి తోస్తుంది. దాన్ని పెట్టెకు అతికించి వెనక్కి జరిపితే ఆమె పని అయిపోయినట్టు. ఇరవై ఆరేళ్లలో ఎన్ని పెట్టెలు జరిపిందో ఆమెకు తెలియదు. వాటిలో ఏమున్నాయో అసలే తెలియదు. ఊళ్ల పేర్లు మాత్రం వేళ్లకు తెలుసు. అవతలి మనిషి సగం చెప్పేసరికి ఇవతల వేళ్లు పూర్తి చేసేవి. ఆమె మాత్రం వాళ్ల ముఖంలోకి చూస్తూ, పిల్లలెలా ఉన్నారనో, మొన్నటి పెట్టె చేరిందా అనో అడుగుతూ ఉండేది.

ఆరు వారాల క్రితం తెరలు మార్చారు. పొద్దున వచ్చి మీట నొక్కితే పాత ఫారం లేదు. తెర నిండా రంగురంగుల పలకలు, ఒక్కొక్కటీ అరచెయ్యంత. కీబోర్డు అక్కర్లేదు, వేలితో తాకితే చాలట. కీబోర్డులు సొరుగుల్లో పెట్టెయ్యమన్నాడు సూపర్‌వైజరు. ఆరు వారాలు చూసి, లెక్కలు బాగుంటే వాటిని పూర్తిగా పట్టుకుపోతారని చెప్పాడు.

అక్కయ్య వేలికి ఆ గాజు పలకలేదు. ఇన్నేళ్ల కాగితాలకూ అట్టపెట్టెలకూ అరిగి ఎండిపోయిన వేలికొన అది. తాకితే ఊరుకుంటుంది, నొక్కితే రెండుసార్లు పలుకుతుంది. ఒక ఊరు కొడితే పక్క ఊరు వస్తుంది. మీటలకైతే మిట్టపల్లాలుంటాయి, చూపుడువేళ్లు ఆనే రెండు మీటల మీద చిన్న గట్లుంటాయి, చీకట్లో గుమ్మం తగిలినట్టు చేతికి తగులుతాయి. గాజుకేముంది? చూస్తే తప్ప ఎక్కడేముందో తెలియదు.

చూడటమే ఆమెకు కష్టం. రెండేళ్లుగా కుడికన్ను మధ్యలో నూనెచుక్క పడ్డట్టు మసక. ఎడమకన్నూ అదే దారి పట్టింది. ఇక తగ్గేది కాదని డాక్టరు చెప్పేశాడు. ఈ సంగతి ఆమెకూ, ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చునే ఆమె మొగుడికీ తప్ప మూడో మనిషికి తెలియదు. పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుంది. వేళ్లకు చూపుండబట్టి ఆ రెండేళ్లూ దాటించేయొచ్చని మొగుడూ పెళ్లాలు లెక్క వేసుకున్నారు. ఈ తెర వచ్చి ఆ లెక్కను తప్పించింది.

మొదటి వారం సమావేశంలో ఆమె లేచి అడిగింది, కీబోర్డు ఉంచితే నష్టమేమిటని. సూపర్‌వైజరు ఆమె దగ్గరే పని నేర్చుకున్నవాడు. మొదటి రోజుల్లో ఒక్క వేలితో కోడి గింజలేరినట్టు కొడుతుంటే, మణికట్టు పట్టుకుని పది వేళ్లూ మీటల మీద పరిచింది ఆమే. ఆ రోజు వాడు నవ్వి, "మా పాపకి రెండేళ్లక్కా. అదే చకచకా తాకుతుంది. నీకేంటి కష్టం?" అన్నాడు. హాలంతా నవ్వింది. మీసాలాయన కూడా నవ్వాడు, తర్వాత వచ్చి తప్పయిందన్నాడు.

నవ్వినందుకు ఆమె సూపర్‌వైజరును క్షమించేదేమో. అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. కొత్త తెర ఎలా ఉందో ఉద్యోగులందరూ అభిప్రాయం చెప్పాలన్నారు. ఆ అభిప్రాయం కూడా తెర మీదే. అయిదు గుండ్రటి ముఖాలు వరసగా ఉంటాయి, ఏడుపు ముఖం మొదలుకుని పళ్లికిలించే ముఖం దాకా. అక్కయ్య ఏడుపు ముఖాన్ని తాకింది. పలకలేదు. మళ్లీ తాకింది. మూడోసారి గట్టిగా నొక్కేసరికి ముఖాల వరసంతా పక్కకు జారింది, వేలి కింద పళ్లికిలించే ముఖం వచ్చి నిలిచింది. కృతజ్ఞతలు అని చెప్పి తెర మూసుకుంది. వెనక్కి వెళ్లే దారి లేదు. మార్చమని వెళ్లి అడిగితే, ఒకసారి తాకింది తాకిందేనన్నాడు సూపర్‌వైజరు. వారం తిరక్కుండా పై ఆఫీసుకు పంపిన కాగితాన్ని గోడకు అంటించాడు. అందులో స్పష్టంగా ఉంది: "మూడో కిటికీ – చాలా సంతోషం."

ఆ కాగితం ముందు ఆమె చాలాసేపు నిలబడింది. చదివిందే మళ్లీ చదివింది. ఇంటికి వెళ్లి మొగుడికి చెబితే, ఆయన దారం కొరికి, "ఏడ్చినదాన్ని నవ్వానని రాశారంటే, దెబ్బ కొట్టి దిష్టి తీసినట్టే" అన్నాడు. ఆ రాత్రి నుంచీ ఆమెలో ఒక నిప్పు కణిక రాజుకుంటూనే ఉంది.

తమాషా ఏమిటంటే, సూపర్‌వైజరు లెక్కలు బాగుండటానికి కారణం కూడా ఆమే. మూడో రోజునే అలవాటు కొద్దీ సొరుగులోని కీబోర్డు మీద చెయ్యి వేస్తే, పొరపాటున రెండు మీటలు ఒకేసారి నొక్కుకుని, పలకలన్నీ పక్కకు తప్పుకుని పాత ఫారం వచ్చింది. ఆ రెండు మీటల సంగతి మిగతా ఇద్దరికీ చెప్పింది. అద్దాల గదిలో కూర్చునే సూపర్‌వైజరు అంకెలు చూస్తాడు గానీ వేళ్లు చూడడు. ముగ్గురూ సొరుగులు సగం తెరిచి, కీబోర్డుల మీద గుట్టుగా పని నడిపించారు. వరసలు ఆగలేదు. వేలితోనే ఇంత జోరుగా జరుగుతోందని వాడు పైకి రాశాడు. వాడికి పెద్ద ఆఫీసులో కుర్చీ వస్తుందనీ, ఈ రోజు అక్కణ్నుంచి పెద్ద మేడమ్ స్వయంగా వచ్చి చూసి సంతకం పెడుతుందనీ నిన్ననే తెలిసింది. సంతకం పడితే సోమవారం కీబోర్డులు పోతాయి. మంగళవారానికి ఆమె కళ్లు బయటపడతాయి.

ఇన్నాళ్లూ తన పాముకు తనే పాలు పోసినట్టు తోచి నిన్న సాయంత్రం ఇద్దరినీ మెట్ల దగ్గర నిలబెట్టింది. "రేపు పొద్దున్నుంచి సాయంత్రం దాకా వేలు తప్ప వేరేది వద్దు. వాడు రాసినట్టే చేద్దాం. అక్షరం పొల్లు పోకూడదు" అంది. మీసాలాయన నసిగాడు. "వాడికి శిక్ష వెయ్యబోయి మనం ఇరుక్కోం కదా?" అన్నాడు. "చెప్పిన పని చేసినందుకు ఎవరూ ఇరుక్కోరు" అంది అక్కయ్య.

పది గంటలకే వరస గుమ్మం దాటింది. కొత్తకోడలు ఒక ఊరి పేరు నాలుగుసార్లు కొట్టి నాలుగుసార్లు చెరిపింది. మీసాలాయన తెరకు ముక్కు ఆనించి వెతుకుతున్నాడు. అక్కయ్య కిటికీలో ఒక పెట్టెకు తొమ్మిది నిమిషాలు పట్టింది. ఆమె తొందరపడలేదు. ఒక్కో అక్షరం కోసం తెర మీదికి వంగి, కన్ను ఓరగా పెట్టి, వేలు మోపి, ఆగి, మళ్లీ మోపింది. నటించాల్సిన అవసరం కూడా రాలేదు. వరసలో ఒకాయన, "ఈ లెక్కన నడిచి వెళ్లి ఇచ్చి రావచ్చు" అన్నాడు. పక్కాయన, "నువ్వు తిరిగొచ్చేసరికి నా వంతు రాదులే" అన్నాడు.

పదకొండింటికి పెద్ద మేడమ్ వచ్చింది. తెల్లజుట్టు, చేతిలో చిన్న పుస్తకం, మాట తక్కువ. సూపర్‌వైజరు ఆమెను అద్దాల గదిలోకి తీసుకెళ్లి అంకెలు చూపిస్తుంటే, ఆమె మాత్రం అద్దంలోంచి వరసను చూస్తోంది. కాసేపటికి వాడు చెమటలు తుడుచుకుంటూ మూడో కిటికీ వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, ఏంటిది? రోజూ ఇలా ఉండదుగా."

"నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను నాయనా."

"మిగతా రోజుల్లో ఎలా చేశారు?"

"మిగతా రోజుల్లో చాలా సంతోషంగా ఉన్నాం. కాగితం మీద రాశావుగా."

వాడు గోడ మీది కాగితం వైపు తిరిగాడు. అక్కయ్యకు కడుపులో చల్లటి మజ్జిగ పోసినట్టయింది. తెర మీదికి వంగి, ఇంకో అక్షరం వెతకసాగింది.

పన్నెండు దాటాక కిటికీ ముందుకు ఒక నడివయసు మనిషి వచ్చింది. చేతిలో రంధ్రాలున్న అట్టపెట్టె, లోపల కిచకిచలు. నూరు కోడిపిల్లలు, పొద్దునే గుడ్లలోంచి బయటికొచ్చినవి. పన్నెండున్నర బండికి ఎక్కాలి. ఎక్కకపోతే రేపటిదాకా బండి లేదు, అంతవరకూ ఈ ఉక్కలో, పెట్టెలో కిక్కిరిసి బతకవు. ఎప్పుడూ పావుగంటలో పని అయిపోయేదట, ఈ రోజు రెండు గంటలు నిలబడిందట. ఆమె గొడవ పడలేదు. పెట్టెను బల్ల మీద పెట్టి, చీరకొంగుతో దానికి విసురుతూ ఉండిపోయింది.

అక్కయ్య వేలు చాపింది. పలకలేదు. మళ్లీ చాపింది. పక్క ఊరు వచ్చింది. గోడగడియారం ఆమెకు కనిపించదు గానీ కిచకిచలు పలచబడటం వినిపించింది. అద్దాల గదివైపు చూసింది. మేడమ్ బయటికి వచ్చి వరసల మధ్య నడుస్తోంది. ఇంకో అరగంట ఓపిక పడితే వాడి పని పూర్తిగా అయిపోతుంది. ఒట్టు వేయించింది తనే. వీడి మీద కక్షకు నూరు ప్రాణాలా అనుకుంది. ఆ మాట మనసులో పూర్తి కాకముందే ఎడమచెయ్యి సొరుగును లాగింది.

రెండు మీటలు, పాత ఫారం. పెట్టె మనిషి ముఖంలోకి చూస్తూ ఊరడిగింది, పేరడిగింది. ఆ మనిషి చెప్పడం ఆగేలోపే చీటీ బయటికి వచ్చింది. అతికించి, వెనకున్న బండివాణ్ని కేకేసి, పెట్టె అందించింది. నిమిషం పట్టలేదు. తలెత్తేసరికి భుజం వెనక పెద్ద మేడమ్ నిలబడి ఉంది.

"తెర చూడకుండా కొట్టారు" అంది మేడమ్.

సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. చూశారా, కావాలనే నెమ్మదిగా చేశారు, ముగ్గురూ కుట్ర పన్నారు అన్నాడు. మీసాలాయన కుర్చీలో కుంచించుకుపోయాడు. కొత్తకోడలికి కళ్ల నీళ్లొచ్చాయి. అక్కయ్య లేచి నిలబడింది.

"వాళ్లకేం తెలియదండీ. నేనే చెయ్యమన్నాను. ఇన్ని రోజులూ ఈ సొరుగులోంచే పని జరిగింది, వేలితో కాదు. ఆ లెక్కలన్నీ ఈ మీటలవి. గోడ మీద నా సంతోషం కూడా అబద్ధమే, నేను తాకింది ఏడుపు ముఖం."

"వేలితో మీరెందుకు చెయ్యలేరు? నెమ్మదిగానైనా మిగతా ఇద్దరూ చేస్తున్నారుగా."

దాచుకోవడానికి ఇక ఏమీ మిగల్లేదు. "చూడకుండా చేస్తానండీ. చూసి చెయ్యలేను. నా కళ్లు పోతున్నాయి" అంది.

మేడమ్ కాసేపు ఆమె కళ్లలోకి చూసి, పుస్తకంలో ఏదో రాసుకుంది. తర్వాత అక్కయ్యను అద్దాల గదిలోకి పిలిచి, తలుపు వేసి, మెల్లగా చెప్పింది. కీబోర్డులు ఉంటాయి, పాత ఫారం తిరిగి వస్తుంది. ఆ అభిప్రాయాల కాగితం చెల్లదు. సూపర్‌వైజరు ఎక్కడికీ పోడు, ఇక్కడే ఉండి రోజూ ఒక కిటికీలో తనే కూర్చుని పని చేస్తాడు. అక్కయ్య మాత్రం రేపటి నుంచి రానక్కర్లేదు. కళ్లు లేని మనిషిని కిటికీలో ఉంచడానికి నియమం ఒప్పుకోదు. డాక్టరు కాగితం పెడితే పింఛను అందేలా చూస్తానంది. అక్కయ్య తల ఊపింది. ఆ మాటలన్నిటిలో రోజూ ఒక కిటికీలో వాడే కూర్చోవాలన్నదే ఆమె చెవిలో నిలిచింది.

మధ్యాహ్నమంతా ఆమెను వెనకగదిలో చీటీల నకళ్లు కట్టలు కట్టమన్నారు. చూపుడువేలికి బొడిపెలున్న రబ్బరు తొడుగు తగిలించుకుని ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. మీసాలాయన వచ్చి ఆమె కుర్చీ సరిచేసి వెళ్లాడు. కొత్తకోడలు కాసేపు పక్కన కూర్చుని, ఇన్నాళ్లూ అక్కయ్యే గుర్తుచేస్తూ వచ్చిన ఆ రెండు మీటలను మర్చిపోకుండా చేతి వెనక రాసుకుంది.

అయిదింటికి మూడో కిటికీ ముందు ఇంకా నలుగురున్నారు. లోపల సూపర్‌వైజరు. పలకలు తెర నిండా పరుచుకుని కదలకుండా ఉన్నాయి. వాడు తాకుతున్నాడు, నొక్కుతున్నాడు, పక్కకు జరుపుతున్నాడు. మిగిలిన ఇద్దరూ తమ కిటికీల్లో టకటకా కొట్టుకుంటూ తల తిప్పలేదు. సంచీ భుజాన వేసుకుని వెళ్తున్న అక్కయ్యను చూసి వాడు కుర్చీలోంచి సగం లేచాడు.

"అక్కా, ఈ పాత ఫారం ఎలా వస్తుంది? ఒక్కసారి చెప్పి వెళ్లు."

ఆమె ఆగింది. వాడి మణికట్టు పట్టుకుని వేళ్లు పరిచిన రోజు గుర్తుకొచ్చింది. మనసు కరుగుతుందేమోనని ఒక క్షణం చూసుకుంది. కరగలేదు.

"మీ పాపనడుగు" అంది. "చకచకా తాకుతుందిగా."

మెట్లు దిగేటప్పుడు రెండు చేతులూ గోడకు ఆనించి దిగింది. వీధిలో సాయంత్రపు ఎండ కళ్లలో పడి అంతా తెల్లగా అయింది. బస్సు నంబరు కనబడక పక్కనున్నవాళ్లను అడిగింది. కక్ష తీరితే లోపల ఖాళీ అవుతుందంటారు పెద్దలు. ఆమెకేమీ ఖాళీ కాలేదు. ఎన్నాళ్ల నుంచో తినాలనుకున్నది తిన్నట్టు నిండుగా ఉంది. బస్సు ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, ఒళ్లో పది వేళ్లనూ చాపి పెట్టుకుంది. ఇంటికి వెళ్లాక మొగుడు కాజాలు కుట్టడం నేర్పుతాడేమో అడగాలి.

వెనకగదిలో, కట్టిన చీటీల కట్టల మీద రబ్బరు తొడుగు నిలబడి ఉంది, లోపలి చెమ్మ ఇంకా ఆరకుండా.