కొర్రమట్ట మొక్కు

మొగులమ్మ చేతి కొర్రమీను పులుసు తినని మనిషి ఆ గెస్ట్‌హౌస్ మొత్తంలో ఒక్కతే. ఆ ఒక్కతి కోసమే కంపెనీ ప్రస్తుతం గెస్ట్‌హౌస్ నడుపుతోంది. వంటమనిషి మొగులమ్మకు ఉన్న బాధ ఇదీ.

బీరంగూడలో ఉంది ఆ మేడ. పటాన్‌చెరు ఫ్యాక్టరీకి కొత్త మిషన్ వచ్చినప్పుడల్లా దాన్ని నిలబెట్టి నడిపించే మనిషి కూడా వెంట వస్తాడు. ఈసారి మిషన్ థాయ్‌లాండ్ నుంచి వచ్చింది, వెంట నోయ్ అనే ఇంజనీరు వచ్చింది. ముప్పై దాటిన పిల్ల, పెళ్లి కాలేదు, సన్నగా చువ్వలా ఉంటుంది. మొగులమ్మ ఆమెను నోయమ్మ అని పిలిచేది. నోయ్ చెప్పేదాన్ని ఆమె ఫోను తెలుగు చేసి పలికేది. అది రేడియోలో వార్తలు చదివినట్టు ఉండేది. మొగులమ్మ మాట మాత్రం ఆ ఫోనుకు సగమే ఎక్కేది. మిగతా సగానికి చేతులూ కళ్లూ ఉన్నాయి.

వచ్చిన వారంలోనే నోయ్ వంటింట్లోకి దిగింది. వేరే మనిషి తన పొయ్యి దగ్గరికొస్తే మొగులమ్మకు ఒళ్లు మండుతుంది. కానీ ఈ పిల్ల మిక్సీ వైపు కూడా చూడకుండా రోలు ముందు కూర్చుని ఎండుమిరపకాయలూ ఉల్లిగడ్డా వేసి దంచుతుంటే, కాసేపు చూసి మొగులమ్మ మెత్తబడింది. అందులో నోయ్ తన ఊరి నుంచి తెచ్చుకున్న రొయ్యల ముద్ద కలిపింది. దాని వాసనకు డ్రైవర్ గౌస్ గేటు దాకా పరుగెత్తాడు. మొగులమ్మ మాత్రం కదల్లేదు. కాలువ ఒడ్డున ఎండుచేపల మధ్య పుట్టి పెరిగిన ముక్కు ఆమెది. నోయ్ ఆ ముద్దను నీళ్లలో కలిపి, చింతపండు రసం పిండి, రవ్వ చేప ముక్కలు వేసి మరిగించింది. నూనె లేదు, పోపు లేదు.

"గిదేం పులుసే తల్లీ, తాలింపు లేంది?" అని మొగులమ్మ నవ్వింది. రుచి చూశాక నవ్వు ఆపి ఇంకో గరిటె పోసుకుంది.

అప్పట్నుంచి ఇద్దరికీ కుదిరింది. నోయ్ వాళ్లదీ కాలువ పక్క ఇల్లే. కర్రల మీద కట్టిన ఇల్లు, మెట్లు దిగితే నీళ్లు. వాళ్లమ్మ పొద్దున్నే కూరలు వండి ఇంటి ముందే అమ్ముతుంది, కొందరు పడవ ఆపి కొనుక్కుపోతారు. ఇదంతా ఫోటోల్లో చూసి మొగులమ్మ తెగ సంబరపడింది. ఆమె పుట్టిల్లు జోగిపేట అవతల కాలువ పక్కన. తమ్ముడు దశరథ్ ఇప్పటికీ అక్కడే వల వేస్తాడు. రెండు కాలువలూ ఒకటేనన్నట్టు మాట్లాడుకునేవారు ఇద్దరూ.

కొర్రమట్ట అని మొగులమ్మ పిలిచే ఆ కొర్రమీను దగ్గరే చెడింది. దశరథ్ పంపినప్పుడల్లా మొగులమ్మ మనసుపెట్టి వండేది. నోయ్ చేతులు జోడించి, తల అడ్డంగా ఊపి, పెరుగన్నం తినేది. జెల్ల తింటుంది, బొచ్చె తింటుంది, ముళ్ల పరక కూడా ఏరుకుని తింటుంది. పెళ్లివారికీ బాలింతకీ పెట్టే చేపను మాత్రం ముట్టదు. ఇంతకంటే అవమానం ఏముంటుంది? పామును చూసినట్టుంటదని భయమేమో అంది మొగులమ్మ. మన నీళ్లంటే అనుమానమేమో అన్నాడు గౌస్. ఆమెనే అడిగితే పోయేది. కానీ అడగడానికి మొగులమ్మకు మొహమాటం, పైగా ఎక్కడో పౌరుషం కూడా ఉంది. తినకపోతే నాకేం పాయె అనుకుంటూనే, ప్రతిసారీ కంచం వైపు ఓరకంట చూసేది.

మిషన్ పని అయిపోయింది. నోయ్ ఇంటికి పోయే వారం వచ్చింది. ఆ ఆదివారం గౌస్‌ను తీసుకుని పొద్దున్నే ఎటో పోయింది. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి గౌస్ చేతిలో మూతపెట్టిన బకెట్ ఉంది.

"మీ తమ్ముని దగ్గరికే తోలుకపొమ్మన్నది. ఉన్నదాంట్ల అన్నిటికన్న పెద్దది ఏరుకున్నది" అంటూ బకెట్ వంటింటి తూము దగ్గర పెట్టాడు.

మూత తీస్తే నల్లటి కొర్రమీను ఒక్కసారి ఒళ్లు విరుచుకుంది. మోచేయంత ఉంది. నోయ్ అలసిపోయి ఉంది, మొగులమ్మను చూసి నవ్వింది, స్నానానికి పైకి పోయింది.

మొగులమ్మకు ఇంకేం చెప్పాలి? పోయేముందు పిల్లకు బుద్ధొచ్చింది, తన చేతి పులుసు తినిపోదామనుకుంది, నోరు తెరిచి అడగలేక చేపనే తెచ్చి ముందు పెట్టింది. వంటింట్లోకి ప్రాణంతో వచ్చిన చేపకు ఇంకో అర్థం మొగులమ్మ బతుకులో ఎన్నడూ లేదు. కొంగు బిగించింది. రోకలితో తల మీద ఒక్కటిచ్చింది. బూడిదా ఉప్పూ వేసి బండ మీద రుద్ది జిగురంతా పోయేదాకా కడిగింది. ఉల్లిగడ్డలు నిప్పుల మీద కాల్చి నూరింది, మెంతులు వేయించింది, పులుసు మరిగాక ముక్కలు వేసి, గరిటె పెట్టకుండా బట్టతో గిన్నె పట్టుకుని తిప్పింది. ఆ రోజు ఆమె చేతి వంట నిజంగా బాగా కుదిరింది.

నోయ్ దిగి వచ్చింది. తెల్లచొక్కా వేసుకుంది, చేతిలో కాసిన్ని మల్లెపూలు, అగరుబత్తి. నేరుగా తూము దగ్గరికి పోయి ఖాళీ బకెట్లోకి చూసింది. పొయ్యి వైపు చూసింది. అక్కడే కూలబడింది.

"ఏమైందమ్మా? ఏమైంది?" అంటూ మొగులమ్మ గాబరాపడింది.

నోయ్ ఫోనులోకి ఏదో చెప్పింది. గొంతు వణికింది కానీ ఫోనుకు వణుకు తెలియదు కదా. అది నింపాదిగా పలికింది: "నా తల్లికి రేపు ఉదయం గుండె శస్త్రచికిత్స జరుగును. నేను స్నానము చేసి, ఆ చేపను ఆమె పేరున ఇక్కడి చెరువులో విడిచిపెట్టవలసి ఉంది. పూర్వం ఆమె రోగముతో ఉన్నప్పుడు, ఆ జాతి చేపను జీవితములో తినను అని నేను మొక్కితిని. ఆమె బ్రతికినది."

మొగులమ్మ చేతిలోని బట్ట జారిపోయింది. ఎల్లమ్మ పేరున విడిచిన మేకను పొరపాటున కోసినవాడికి ఏమవుతుందో చిన్నప్పుడే విన్నది ఆమె. మూడు నెలలుగా తను పడిన ఉక్రోషమంతా గుర్తొచ్చి సిగ్గేసింది. కానీ సిగ్గుకు ఇప్పుడు తీరిక లేదు. భయం పట్టుకుంది.

ఇంతలో ఫోను మోగింది. నోయ్ తల్లే. ఆసుపత్రి మంచం మీద నుంచి, కూతురు చేపను విడవడం చూద్దామని వీడియో పెట్టింది. నోయ్ ఏడుస్తూ జరిగింది చెప్పింది. ముసలావిడ కళ్లు పెద్దవి చేసి వింది, గిన్నె చూపించమంది. చూసి నవ్వడం మొదలుపెట్టింది. పక్కన నర్సు వద్దంటున్నా నవ్వు ఆపలేదు. తర్వాత కూతురికి గట్టిగా ఏదో చెప్పింది.

"ఏమంటున్నది?" అంది మొగులమ్మ.

నోయ్ కంపెనీ ఇచ్చిన ఇంకో ఫోనులో చెప్పింది. "గిన్నెలో పడిన చేప మరల ఈదదు. శ్రమపడి వండిన మనిషిని అవమానించకు, తినుము, అని తల్లి ఆజ్ఞ" అంది ఆ ఫోను.

నోయ్ కళ్లు తుడుచుకుని కంచం తెచ్చుకుంది. అన్నం పెట్టుకుని, పులుసు కోసం గరిటె అందుకుంది.

ఇన్నాళ్లూ మొగులమ్మ ఎదురుచూసిందే జరగబోతోంది. కానీ ఆమె గబుక్కున గిన్నెను రెండు చేతులా ఎత్తి వెనక్కి పెట్టుకుంది. వేడికి చేతులు కాలినా వదల్లేదు.

"తినొద్దు! మీ అమ్మకేం, కడుపుతీపితోని అంటది. మొక్కు మీద ఉన్నవ్ బిడ్డా, రేపు ఆపరేషన్ వెట్టుకొని నోట్ల వెట్టుకుంటవా? నేను పెట్ట."

ఫోనుకు ఒక్క ముక్కా ఎక్కలేదు. నోయ్‌కు మాత్రం అంతా అర్థమైంది.

గౌస్ మళ్లీ కారు తీశాడు. ఈసారి మొగులమ్మ కూడా ఎక్కింది. జోగిపేట దాటేసరికి పొద్దు వాలుతోంది. దశరథ్ కాలువ గట్టు మీద వల ఆరేస్తున్నాడు. అక్క చెప్పింది విని తలగోక్కుని, తొట్టిలోంచి ఇంకో కొర్రమీనును తెచ్చాడు. మధ్యాహ్నం దానంత పెద్దది కాదు.

"ఇడిస్తె ఇడువుండ్రి గని, తెల్లారేసరికి మళ్ల నా వలల్నే పడ్తది గదనే అక్కా" అన్నాడు.

"పడితే తీసి మళ్ల నీళ్లల్లనే ఏస్తవ్. లేకుంటే నీ ఇంటి గడప తొక్క."

నోయ్ మోకాళ్ల మీద కూర్చుని బకెట్ వంచింది. చేప కాసేపు ఒడ్డునే బురదలో ఉండి, తర్వాత లోతుకు పోయింది. నోయ్ చేతులు జోడించి చాలాసేపు లేవలేదు. ఆమె భుజాలు కదలడం చూస్తూ, మొగులమ్మ కూడా మనసులో ఒక మాట అనుకుంది. ఆ ముసలమ్మ బతికి ఇల్లు చేరితే తనూ ఈ జన్మలో కొర్రమట్ట ముట్టదు. అనుకున్నాక గుండె కొంచెం నిమ్మళించింది.

వండిన పులుసు గౌస్ ఇంటికి పోయింది. వాళ్లావిడ సకీనా మర్నాడు కడిగిన గిన్నెతో పాటు మెచ్చుకోలు కూడా పంపింది.

ఆపరేషన్ గట్టెక్కింది. నోయ్ తన దేశం పోయింది. రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం మొగులమ్మ ఫోనులో నోయ్ ముఖం కనబడింది, వెనక కర్రల ఇల్లు, కాలువ. తల్లికి పథ్యం విడిచారట. మొదట అడిగింది ఆ రోజు గిన్నెలో చూసిన పులుసేనట. నోయ్ అన్నీ సిద్ధం చేసుకుని పొయ్యి ముందు కూర్చుంది. మొగులమ్మ ఫోనులోనే చేతులతో చూపిస్తూ, పక్కనే ఉన్నట్టు వండించింది. మెంతులు మాడుతుంటే అరిచింది, గరిటె పెట్టబోతే ఆపింది. ఉప్పు మాత్రం నోయ్ రుచి చూడలేదు, మొక్కు కదా, అందాజుగానే వేసింది.

ముసలావిడ మెట్ల మీద కూర్చుని తిన్నది. మెల్లగా, ముల్లు తీసుకుంటూ. బాగుందని తలూపింది. సగం తిన్నాక కంచం కింద పెట్టి, ఒక ముక్క ఫోను వైపు చాపి, నువ్వూ వండుకుని తిను అన్నట్టు మొగులమ్మకు సైగ చేసింది.

మొగులమ్మ చెయ్యి అడ్డంగా ఊపింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఆవిడను చూపించి, కాలువను చూపించింది. నోయ్ ముందు బిత్తరపోయింది, తర్వాత తల్లికి చెప్పింది.

ఈసారి ముసలావిడ నవ్వలేదు.  ఏదో అంది, నోయ్ రెండో ఫోను దాన్ని ఎప్పటిలాగే వార్తలా చదివింది:

"మీరు ఇద్దరూ నా కొరకు మానినారు. ఇక నాతో కూర్చుని తినువారు ఎవరు?"

 మొక్కు మొక్కే, దాన్ని వెనక్కి తీసుకోవడం ఆమెకు రాదు. కానీ ఆ ముసలమ్మను ఒంటరిగా తిననివ్వడమూ ఆమెకు రాదు. కళ్లు తుడుచుకుని లేచింది. పొద్దున్నే తిన్నది చాలదన్నట్టు కంచంలో అన్నం పెట్టుకుని, పచ్చిపులుసు పోసుకుని, ఫోనును ఉప్పుడబ్బాకు ఆనించి ఎదురుగా కూర్చుంది. అటు నోయ్ కూడా ఉత్త అన్నంలో గుడ్డు వేసుకుని తల్లి పక్కన మెట్టు మీదికి చేరింది.

"తిను పెద్దమ్మా, సల్లారుతది" అంది మొగులమ్మ, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటూ.