హెల్వీ ఇంటి వెనక జూలై

పొద్దున్నే లేవగానే హెల్వీ కాంగస్ చేసే మొదటి పని స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకోవడం. లోపల పల్చటిది, దాని మీద ఊలుది, అన్నిటికీ పైన మొగుడు వదిలేసి వెళ్ళిన మోచేతులు చిరిగినది. తర్వాత కాఫీ పెట్టుకుని, కప్పుని రెండు చేతులా పొదివి పట్టుకుని వంటింటి కిటికీ దగ్గర నిలబడుతుంది. ముందువైపు వీధిలో నడుంలోతు మంచు. సుపీరియర్ సరస్సు మీంచి వచ్చే గాలికి ఆ పాత రాగిగనుల ఊళ్ళో కుక్కలు కూడా గుమ్మం దాటవు. వెనకవైపు, ఉత్తరపు గోడ వారన మాత్రం జూలై నెల.

పెద్ద జాగా కాదు, నాలుగు మంచాలు వేస్తే నిండిపోతుంది. అక్కడ పచ్చగడ్డి, గడ్డిపూలు, వాటి మీద ముసిరే తేనెటీగలు. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు ఎంత మండినా హెల్వీకి అందని వేడంతా ఆ గోడలోంచి జారిపోయి అక్కడ చేరేది. మొగుడు రూడీ వేరే ఆవిడతో గ్రీన్ బే వెళ్ళిపోయిన చలికాలంలో ఈ జూలై మొదలైంది. ఆ మరుసటేడూ వచ్చింది, ఆపై ఏడూ వచ్చింది. ఉత్తరాలు పంచే మార్లా మధ్యాహ్నం అక్కడే చొక్కా చేతులు మడుచుకుని రొట్టె తినేది. చర్చి పక్కింటి అక్కచెల్లెళ్ళు అల్లికలు తెచ్చుకునేవారు. ఎదురింటి ఎర్ల్ ట్రెవారో అయితే తెల్లవారగానే మడతకుర్చీ చంకన పెట్టుకుని వచ్చేవాడు. కోటు విప్పి మడిచి ఒళ్ళో పెట్టుకుని, పొద్దు వాలేదాకా కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. గోడ మొదట్లో ముల్లంగి వేశాడు. వారానికోసారి ఓ కట్ట ఆమె మెట్ల మీద పెట్టి, తలుపు తట్టకుండా వెళ్ళిపోయేవాడు.

హెల్వీ అక్కడికి వెళ్ళేది కాదు. మొదటి ఏడాది ఓసారి వెళ్ళబోయింది. ఆమెను చూడగానే అందరి మాటలూ ఠక్కున ఆగిపోయాయి. పొయ్యి మీద ఏదో మర్చిపోయినట్టు నటించి వెనక్కి తిరిగింది. అంతే, తొమ్మిదేళ్ళు గడిచిపోయాయి. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పని, ఇల్లు, కిటికీ. ఎవరైనా కిందినుంచి చెయ్యి ఊపితే తెర దించేసేది. ముల్లంగి మాత్రం ఉప్పద్దుకుని తినేది.

అక్టోబరులో దులూత్‌నుంచి అన్న లియో ఫోను చేశాడు.

"ఒసేయ్, ఊరందరికీ ఎండ పంచిపెట్టి నువ్వు గొంగళిపురుగులా చుట్టుకుని కూర్చోవడమేమిటే? ఇల్లు బాగుచేయించుకో. ఖర్చులో నూటికి ముప్పై వంతులు, ఓ హద్దు దాకా, నీ పన్నులోంచి తగ్గిస్తారు. ఈ డిసెంబరు ఆఖరుతో సరి. జనవరి ఒకటిన చేయించావో, సెంటు రాదు."

"నాకు అలవాటైపోయిందిలే అన్నయ్యా."

"చలి అలవాటవడం ఏమిటే? నీ మొహం. రేపే మనిషిని పిలిపించు."

ఇళ్ళలో వేడి ఎక్కడెక్కడ కారిపోతోందో పరీక్షించే నోరీన్ వచ్చింది. వీధి తలుపు తీసి, ఆ చట్రంలో పెద్ద ఫ్యాను బిగించింది. అది ఇంట్లో గాలిని బయటికి లాగేస్తుంటే, గోడల్లో సందులున్న చోటల్లా బయటి గాలి లోపలికి చొరబడుతుంది. మూడు గోడల దగ్గర చలిగాలి రివ్వున కొట్టింది. ఉత్తరపు గోడ దగ్గర మాత్రం కోసిన గడ్డి వాసన వచ్చింది. పగుల్లోంచి ఓ తేనెటీగ కూడా దూరి వచ్చి, బల్ల మీద చక్కెర డబ్బా చుట్టూ తిరిగింది.

"కిటికీలూ అటకా ఎలాగూ చెయ్యాలి," అంది నోరీన్, తేనెటీగని చేత్తో తోలుతూ. "ఫర్నేసు తీసేసి, కరెంటుతో ఇల్లు వెచ్చబెట్టే హీట్ పంపు పెట్టించండి. కానీ అసలు కంత ఈ గోడే. ఇందులో కాగితప్పొట్టు కూరించి మూసేశామంటే, ఆ స్వెట్టర్లు మీరే విప్పి పారేస్తారు."

హెల్వీ కిటికీలోంచి కిందికి చూసింది. ఎర్ల్ కుర్చీలో నిద్రపోతున్నాడు. మోకాలి మీద సీతాకోకచిలుక వాలి ఉంది.

"మూసెయ్యండి," అంది.

మర్నాడు చెత్తడబ్బా బయటపెడుతుంటే ఎర్ల్ ఎదురుపడ్డాడు.

"గోడ మూయిస్తున్నావట గదా హెల్వీ."

"అవునండీ. ఏడాది దాటితే తగ్గింపు రాదట."

"మంచి పని చేస్తున్నావు. ఎప్పటినుంచో చెయ్యాల్సింది." ఆయన కుర్చీని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. "ఆ నోరీన్‌ని నేనూ అడిగాను, పోయినేడు. పన్నులోంచి తగ్గిస్తారండీ అని వివరంగా చెప్పింది పాపం. నాకు వచ్చే పింఛనుకి పన్నే పడదు. లేని పన్నులోంచి ఏం తగ్గిస్తారు చెప్పు?" అని, తానే పెద్దగా నవ్వాడు.

హెల్వీ కూడా నవ్వింది. ఇంకేదైనా అడగాలేమో అనిపించింది గానీ, మనుషుల్ని ఎలా అడుగుతారో మర్చిపోయింది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

డిసెంబరులో పనివాళ్ళు వచ్చారు. కిటికీలు మార్చారు, అటకలో పొట్టు పరిచారు, హీట్ పంపు పెట్టారు. గోడకి వరసగా కంతలు పొడిచి, గొట్టాలతో పొట్టు కూరి, కంతలు పూడ్చేశారు. క్రిస్మసుకి ముందే అంతా అయిపోయింది. వెనక గడ్డి రెండు రోజులు తటపటాయించి పసుపు తిరిగింది. ముల్లంగి ఆకులు నల్లబడ్డాయి. తర్వాత మంచు కురిసి అన్నిటినీ కప్పేసింది. మార్లా ఉత్తరాల బండిలోనే కూర్చుని తినడం మొదలుపెట్టింది. అక్కచెల్లెళ్ళు రావడం మానేశారు. ఎర్ల్ ఒకరోజు కుర్చీతో వచ్చి, మంచు వంక కాసేపు చూసి, టోపీ సరిచేసుకుని వెళ్ళిపోయాడు.

ఇల్లు వెచ్చగా ఉంది, హాయిగా ఉంది. హెల్వీ ఒక్కొక్క స్వెట్టరే విప్పింది. జనవరిలో పొట్టిచేతుల జాకెట్టుతో కూర్చుని కాఫీ తాగింది. కొత్త కిటికీలు గాలి చప్పుడు కూడా రానివ్వవు. చెంచా కింద పడితే ఆ చప్పుడు చాలాసేపు గదుల్లో తిరుగుతున్నట్టుండేది. ఒకరోజు రేడియో పెట్టి, మరి భరించలేక ఆపేసింది. ఇన్నాళ్ళూ తను చలికి ఒణుకుతున్నాననుకుంది. ఇప్పుడు చలి లేదు, ఒణుకు మాత్రం పోలేదు. తెర తీసి కిందికి చూస్తే చెయ్యి ఊపేవాళ్ళు లేరు.

జనవరి నడిమధ్య ఎముకలు కొరికే చలి దిగింది. ఆ శనివారం హెల్వీ ముందుగదిలో నిలబడి వీధి చూస్తోంది. మిగతా ఇళ్ళన్నిటికీ చూరునుంచి మంచుకడ్డీలు వేలాడుతున్నాయి. లోపలి వేడి కొంచెమైనా కప్పులోంచి కారితేనే అవి కడతాయి. ఇప్పుడు తన ఇంటికి లేవు, నోరీన్ పనితనం అది. ఎర్ల్ ఇంటికీ లేవు. కప్పు మీద మంచు చెక్కుచెదరకుండా దిమ్మలా కూర్చుని ఉంది. ఎర్ల్ ఇంటికి ఎవరూ ఏమీ చేయించలేదే అనుకుంది హెల్వీ. అంటే ఆ ఇంట్లో వేడే లేదు.

ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది.

చెప్పులతోనే వెళ్ళి వీధి తలుపు బార్లా తీసింది. తీసి, అక్కడే ఆగిపోయింది. తొమ్మిదేళ్ళుగా ఆమె ఎవరి గుమ్మమూ తొక్కలేదు. వెళ్ళి ఏమనాలి? ఆయన బాగానే ఉంటే? ఆమె అలా తటపటాయిస్తుండగానే, ఇంట్లో వేడి ఆమె పక్కనుంచి, మోకాళ్ళు రాసుకుంటూ బయటికి నడిచింది. మెట్ల మీద మంచు నీరైంది. నీటి కిందినుంచి గడ్డి లేచింది. గజమంత వెడల్పున పచ్చటి బాట వాకిలి దాటి, వీధి దాటి, అటూ ఇటూ చూడకుండా ఎర్ల్ గుమ్మం దాకా పోయింది. మంచు తోసే బండివాడు వస్తూ వస్తూ, బాట దగ్గర పార పైకెత్తి, దాటాక మళ్ళీ దించి వెళ్ళిపోయాడు.

హెల్వీ ఆ గడ్డి మీద పరుగెత్తింది.

ఎర్ల్ తలుపుకి గడియ లేదు. లోపల వీధిలో కంటే చలిగా ఉంది. కుళాయి కింద నీళ్ళు తొట్టిలోనే గడ్డకట్టాయి. కోటు, టోపీ, బూట్లతో సహా మంచం మీద ముడుచుకుని పడుకుని ఉన్నాడాయన. పెదవులు నీలం.

"ఎర్ల్! ఎర్ల్, ఇటు చూడండి."

కళ్ళు తెరిచాడు. "హెల్వీ... నీ పెరట్లో కుర్చీ మర్చిపోయానా?"

"ఫర్నేసు ఎప్పుడు పోయింది?"

"అదా... రెండేళ్ళైంది."

"రెండేళ్ళా! మరి రెండు చలికాలాలు ఎలా గడిపారు?"

"పగలంతా నీ గోడ దగ్గర ఉండేవాణ్ణి గదా. ఒంటికి పట్టిన ఎండ తెల్లారేదాకా సరిపోయేది."

"ఒక్క మాట చెప్పకూడదూ నాతో? మూయిస్తున్నానని తెలిసి కూడా?"

"చెబితే మూయించేదానివి కాదు. ఆ మూడు స్వెట్టర్లతోనే ముసలిదానివైపోయేదానివి."

హెల్వీ వంగింది. ఆయన చంకల కింద చేతులు వేసి లేపింది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు ఒరిగి, గడ్డిబాట మీద మెల్లగా వీధి దాటారు. బూట్ల కింద గడ్డిపూలు నలిగాయి. వాళ్ళు లోపలికి వెళ్ళాక ఆమె తలుపు వేసింది. ఉత్తరాల బండిలోంచి మార్లా చూస్తుండగానే బాట మీద మళ్ళీ మంచు పేరుకుంది.

డాక్టరు వచ్చి చూశాడు. కాలి వేళ్ళు దక్కాయి, ఛాతీలోకి మాత్రం జలుబు దిగింది, వెచ్చగా ఉంచమన్నాడు. లియో ఫోనులో అంతా విని, "బాగుందే, పొట్టు కూరించి అద్దెకుండేవాణ్ణి సంపాదించావు," అన్నాడు. ఆమె కోప్పడలేదు.

వారానికి ఎర్ల్ లేచి కూర్చుని సూపు తాగగలిగాడు. హెల్వీ అప్పుడు మాట కదిపింది.

"నాకు పన్నులో తగ్గేది ఉందిగా. దాంతో మీ ఫర్నేసు బాగుచేయిద్దాం."

ఎర్ల్ సూపు గిన్నెలోకి చూశాడు. "బాగైతే నేను ఇంటికి పోవాలిగా."

"పన్ను లెక్క చెప్పడానికి ఏప్రిల్ దాకా గడువుంది," అంది హెల్వీ. "తొందరేముంది?"

ఆయన గిన్నె ఖాళీ చేసి వెళ్ళి పడుకున్నాడు. హెల్వీ బల్ల తుడిచి, పిండి పోసుకుని, ఏలకులు దంచి వేసి, రొట్టె కోసం పిసకడం మొదలుపెట్టింది. పక్కగదిలోంచి ఎర్ల్ దగ్గు వినిపిస్తోంది. అది కాసేపు ఆగినప్పుడల్లా ఆమె చేతులూ పిండిలో ఆగిపోయేవి. మళ్ళీ దగ్గు వినబడ్డాకే కదిలేవి.