మొదటి రైలు కంటే ముందొచ్చిన గాలి

అమీర్‌పేటలో గాలిని పుట్టించేది మెట్రో రైలని శివరాములు గట్టిగా నమ్మేవాడు. అందుకే తన దగ్గరికి పాలిష్‌కు వచ్చిన చీరల్లో విలువైనవాటిని, మొదటి రైలు కదలకముందే మేడ మీదకు ఎక్కించేవాడు. ఇన్నేళ్లలో ఒక్క చీరకూ ఏమీ కాలేదు. పొద్దున్నే గాలి ఉండదు కాబట్టి కాలేదు. కానీ ఆ ఘనతంతా ఆయన రైలుకే ఇచ్చాడు.

ఆ పొద్దున మేడ మీద ఉన్నది ఒకే ఒక్క చీర. తెల్లని పట్టు, సన్నని వెండి అంచు. లీలాకుమారి తన పెళ్లికి కట్టుకున్న చీర అది. ఇవాళ పంజాగుట్ట చర్చిలో తన పెళ్లికి ఆమె కూతురు ఇవాంజెలిన్ కట్టుకోవాలి. పెట్టెలోంచి తీసేసరికి మరకలు కనపడ్డాయని నిన్న సాయంత్రం పరుగున తెచ్చి ఇచ్చారు. ఉతికి, పలుచగా గంజి పెట్టి, రెండు పైపుల మధ్య బిగువుగా చాచి కట్టారు. మెల్లగా ఆరితే మళ్లీ మెరుస్తుంది. పాత పట్టు కదా, ఒక్క గుంజు గట్టిగా గుంజితే చిరుగుతుంది.

ఒక పైపు పిట్టగోడకు కట్టేసి ఉంది. రెండోదానికి ఉన్న తాడు ఎదురుగోడ కొక్కేనికి తగిలించి, దాని పక్కన పూజను నిలబెట్టారు. చీర ఆరుతూ బిగుసుకుంటుంటే తాడు కొంచెం కొంచెం వదలడం ఆమె పని. పూజ శివరాములు తమ్ముడి కూతురు. ఊరి బడిలో పది పాసై, ఇంటర్ చదవడానికి నెల కిందటే వచ్చింది. పెద్దమ్మ రాజమణితో గుసగుసగా మాట్లాడేది. పెద్దబాపు ఏమన్నా తల ఊపేది, అంతే.

చీర తీసుకుపోవడానికి పెళ్లికూతురి తమ్ముడు రాబిన్ చీకటితోనే వచ్చాడు. బోర్లించిన బకెట్ మీద కూర్చుని మాటిమాటికీ ఆకాశం వైపు చూస్తున్నాడు. బల్కంపేట వైపు మబ్బు బురదనీళ్ల రంగుకు తిరిగింది.

"గాలొచ్చేలా ఉందండి" అన్నాడు.

శివరాములు నవ్వాడు. "ఫికర్ చెయ్యకు తమ్మీ. రైలింక మొదలే కాలే, గాలెట్ల వస్తది?"

రాబిన్‌కు అర్థం కాలేదు. ఎవరైనా అర్థం కాలేదంటే శివరాములుకు పండగే. తువ్వాలు భుజాన వేసుకుని మొదలుపెట్టాడు. గాలి ఊరికే పుట్టదట. ఏదో ఒకటి కదిలితేనే పుడుతుందట. ఊళ్లలో చెట్లు ఊగి పుట్టిస్తాయి. ఇక్కడ చెట్లు కొట్టేశారు కాబట్టి కొన్నాళ్లు గాలే లేకుండా పోయింది. మెట్రో వచ్చాక మళ్లీ వచ్చింది. మియాపూర్ రైలు తోలుకొచ్చే గాలి ఒకటి, నాగోల్ రైలుది ఇంకొకటి. రెండూ అమీర్‌పేటలో గుద్దుకుని, దారి దొరక్క గల్లీల్లో దూరతాయి. అందుకే ఈ గల్లీలో దుమ్మెక్కువ.

పూజ వింటూనే చీర వైపు చూస్తోంది. చీర నడుమ ఒకసారి మెల్లగా ఉబ్బి, మళ్లీ చదునైంది. పక్క మేడ నీళ్లట్యాంకు మీది పావురాలన్నీ ఒక్కసారే లేచిపోయాయి.

"మా అమ్మమ్మ వాళ్లది కాకినాడండి" అన్నాడు రాబిన్. "సముద్రం మీద చెట్లుండవు, మెట్రో ఉండదు. మరి అక్కడ గాలేంటి?"

"ఓడలు తిరుగుతయి గద."

"ఓడలు లేనప్పుడో?"

"గప్పుడు నువ్వు పోయి చూసినవా?"

మెట్ల గదిలో ఇస్త్రీ బల్ల సర్దుతున్న రాజమణి బయటికి తొంగిచూసింది. "గా రైలు మీదున్న నమ్మకం జర నా మీదుంటే నా బతుకు బాగుపడుతుండె" అని మళ్లీ లోపలికి పోయింది.

గల్లీ చివర కోచింగ్ సెంటర్ బ్యానర్ కడుపులా ఉబ్బింది. రోడ్డు మీది ప్లాస్టిక్ కవరొకటి మూడో అంతస్తు దాకా లేచి వచ్చింది. పూజ చేతిలోని తాడును గాలి జివ్వున లాగి వదిలేసింది. "పెద్దబాపూ" అంది. మాట పెదవి దాటిందో లేదో ఆమెకే తెలియలేదు. ఆయన అప్పటికి రైలు ఆగినప్పుడు గాలి ఎక్కడ దాక్కుంటుందో చెబుతున్నాడు.

ఇంకోసారి పిలవాలి. పిలిస్తే ఆయన తిరిగి చూస్తాడు, ఆ అబ్బాయీ చూస్తాడు. ఏం చెప్పాలి? మీరు చెప్పేది తప్పనా? అంత పెద్దాయనతోనా? తాడు మళ్లీ లాగింది. ఈసారి చీర పొడవునా చిన్న చప్పుడు, పట్టు నొప్పికి మూలిగినట్టు.

ఆమె ఇక పిలవలేదు. తాడు కొక్కెం నుంచి తప్పించి పైపును నేల మీద పెట్టింది. చీర కొస విప్పి, తడిదాన్ని తడిగానే మోచేతుల మీద మడుస్తూ ఆ చివరికి పరుగెత్తింది. ముడులు ఊడలేదు. పళ్లతో లాగి విప్పింది.

"ఏం చేస్తున్నవే" అని శివరాములు అరిచాడు. "గంజి పెట్టిన చీర ముద్ద చేస్తవా? పెండ్లి చీర గది."

పూజ చీరను గుండెకు అదుముకుని నిలబడింది. లంగావోణీ ముందంతా తడిసిపోయింది. రాబిన్ లేచి నిలుచున్నాడు. అదే సమయానికి గాలి పూర్తిగా ఆగింది. బ్యానర్ వేలాడింది. ఆకు కూడా కదలలేదు.

శివరాములు చేతులు చాచి ఆ నిశ్చలాన్ని అబ్బాయికి చూపించాడు. "చూసినవా? ఏడుందయ్యా గాలి?" పూజ వైపు తిరిగి చెయ్యి చాపాడు. మళ్లీ కడతాను, ఇటు తెమ్మన్నాడు. ఆమె ఇవ్వాలనే అనుకుంది. చేతులు మాత్రం సడలలేదు.

"ఇయ్య" అంది. "వస్తది పెద్దబాపు. ఇయ్య."

ఆయన అడుగు ముందుకు వేశాడు. అప్పుడు వచ్చింది. దుమ్ము, ఇసుక, ఎవరివో బట్టలు, అన్నీ కలిసి గోడలా వచ్చి పడ్డాయి. వదులుగా పడి ఉన్న పైపు దొర్లుకుంటూ పోయి పిట్టగోడను ఠంగుమని కొట్టింది. రాబిన్ కూర్చున్న బకెట్ గాల్లోకి లేచి పక్క మేడ మీద పడింది. బ్యానర్ నిలువునా చిరిగింది. రాజమణి పూజ జబ్బ పట్టుకుని మెట్ల గదిలోకి గుంజింది. వెనకే రాబిన్, ఆ వెనక తువ్వాలు పోగొట్టుకున్న శివరాములు. నలుగురూ వీపులు ఆనించి తలుపు మూశారు.

గాలి తగ్గాక, ఖాళీగా వస్తున్న మొదటి రైలు చప్పుడు వినిపించింది. శివరాములు పనికి ఆలస్యంగా వచ్చిన మనిషిని చూసినట్టు అటు చూశాడు.

"గిది ఇయాల్టి గాలి కాదు" అన్నాడు చివరికి. "నిన్నటిది. స్టేషన్ కింద ఇరుక్కున్నట్టుంది."

చీర బల్ల మీద పరచి చూశారు. చిరుగు లేదు. ముడతలు మాత్రం గుప్పిట్లో కాగితాన్ని నలిపినట్టున్నాయి. రాజమణి పైన పల్చని గుడ్డ వేసి, ఇస్త్రీపెట్టె తక్కువ వేడి మీద పెట్టింది. అవతలి అంచు పూజ పట్టుకుంది. ఇవతలి అంచు శివరాములు తానే పట్టుకున్నాడు. చీర జానెడు జానెడు ఆరింది. రాబిన్ ఫోను మోగుతూనే ఉంది. వాళ్లమ్మ అడుగుతున్నవాటికి వస్తున్నా, వస్తున్నా అని మాత్రం చెప్పాడు. కుచ్చిళ్లలోకి పోయే చోట కొన్ని ముడతలు మిగిలాయి. కొంగు మాత్రం వెండి అంచుతో నీళ్లలా జారింది.

అట్టపెట్టెలో పెట్టి ఇచ్చేటప్పుడు శివరాములు మళ్లీ గొంతు సవరించుకున్నాడు. ఇక రైళ్లు మొదలయ్యాయి కనుక బండి మీద పంజాగుట్ట దాకా రైలుకు ఎదురుగా పోవద్దనీ, రైలు పోయే వైపే పోతే గాలి వెనక నుంచి తోస్తుందనీ చెప్పబోయాడు. రాబిన్ ఆయన వైపు కాక పూజ వైపు చూశాడు.

పూజ తల దించుకోలేదు.

"బండి వద్దు, అన్నా" అంది. "ఆటోల పో. పెట్టె ఒళ్లె పెట్టుకో."

శివరాములు గల్లీలోకి దిగి ఆటోను కేకేశాడు.